పాసైన పద్నాలుగు సబ్జెక్టులు

"ఈ సంతకం నాది గాదు!"

ధరణి అరుపుకి మేడ్చల్ డిగ్రీ కాలేజీ ఆఫీసులో అందరూ తలలెత్తారు.

బల్లకి అవతల క్లర్కు గాలయ్య పాత రిజిస్టరు మీద వేలు పెట్టి కూర్చున్నాడు. ఆ వేలి కింద తొంభై ఎనిమిది నాటి వరుస. 'డిగ్రీ మొదటి, రెండో సంవత్సరాల మార్కుల మెమోలు ముట్టినవి.' పక్కనే ధరణి పేరుతో సంతకం.

ముట్టలేదు. పెళ్లితో చదువు ఆగిపోయిన హడావిడిలో ఆమె తీసుకోనే లేదు. తొమ్మిదేళ్లుగా అవి ఇక్కడే భద్రంగా ఉన్నాయనుకుంటోంది.

ఇప్పుడు ఆ కాగితాల మీదే ఆమె ఉద్యోగం ఆధారపడి ఉంది. వచ్చే ఏడాదిలోగా డిగ్రీ చూపించకపోతే టీచరుగా ఉంచుకోలేమని అల్వాల్ స్కూలువాళ్లు చెప్పేశారు. భర్త ఓదెలుకి లాల్‌గడి మలక్‌పేట్‌లో కోళ్ల ఫారం. రెండు నెలలపాటు సాయంత్రం కోళ్లకి మేత వేసి, ఆ బట్టలతోనే అల్వాల్ ఇంటర్నెట్ సెంటర్‌కి పోయి ఆమె కోసం కాలేజీలు వెతికాడు. ఒక కాలేజీ మళ్లీ మొదటి నుంచీ చదవమంది. ఇంకొకటి పాసైన వాటిలో రెండే సబ్జెక్టులు కలుపుకుంటానంది. మరొకటి అడిగిన ఫీజుకి షెడ్డులో కోళ్లన్నీ అమ్మినా చాలవు.

చివరికి ఒకటి దొరికింది. ఆన్‌లైన్ పాఠాలు. ఫీజు తమకి అందేంత. పాసైన పద్నాలుగు సబ్జెక్టులూ కలుపుకుంటారు, చివరి సంవత్సరం చదివితే చాలు. ఒక్కటే షరతు. అసలు మెమోలు శనివారం లోపల అందాలి.

ఈరోజు శుక్రవారం. రిజిస్టరులో ఇచ్చినట్టు ఉంటే రేపటిలోగా డూప్లికేట్ కూడా రాదు.

"ఎవలకమ్ముకున్నవ్ నా మెమోలు?" ధరణి పళ్లు కొరికింది. "నా మార్కుల మీద ఎవలు నౌకరి జేస్తున్నరు?"

"అమ్ముకోలే బిడ్డా."

"మరేడ వోయినయ్? రెక్కలొచ్చి ఎగిరిపోయినయా?"

గాలయ్య ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడని గేటు దగ్గరే విన్నది ధరణి. ఇతని చేతికి ఒక్క పైసా పింఛను అందకూడదు. దండ వేయించుకోవాల్సిన రోజున బేడీలు వేయించుకోవాలి.

"గింకేం మాటలు వీనితోని?" వెనక నుంచి ఆమె తండ్రి వీరభద్రం ముందుకు దూసుకొచ్చాడు. బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. కాలేజీకి పోతున్నానని కూతురు పొద్దున ఫోన్లో చెబితే, రమ్మనకుండానే గండిమైసమ్మ నుంచి ఆటో పట్టుకుని వచ్చేశాడు. "ఏంరో, నీ పేరేంది?"

గాలయ్య ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"గాలయ్య."

"ఇంటిపేరు గూడ జెప్పు, కంప్లైంట్ల రాయాలె. బిడ్డా, ఆ రిజిస్టర్ మూసెయ్. నడు ఠాణాకు. నాలుగు తగిలిస్తే వాడే కక్కుతడు."

"ఠాణా దాంక ఎందుకు సారూ?" గాలయ్య గొంతు నిదానంగా ఉంది. "తప్పు నాదే. మనిషి రాకుంట ఇయ్యొద్దు. ఇచ్చిన. నా మీదనే రాసుకోన్రి."

"ఎవలకిచ్చినవ్?" ధరణి బల్ల మీద చరిచింది.

"నన్నడగకు బిడ్డా. నీ సంసారం సల్లగుండాలె."

ధరణి బల్ల మీంచి చెయ్యి తీసింది. నా సంసారానికీ వీడు దాచే పేరుకీ ఏమిటి సంబంధం?

ఆ ప్రశ్నకి జవాబు వీరభద్రం ఇచ్చాడు.

"ఇగ సమజ్ అయ్యిందా? ఓదెలే! ఇంటర్ తప్పినోడు. పెండ్లాం డిగ్రీ సదివితే ఓర్సుకుంటడా? తీస్కపోయి దాసిపెట్టిండు. ఇప్పుడు నీ ముంగట ఇంటర్నెట్ అనుకుంట నాటకాలు!"

"ఆయన గసొంటోడు గాదు నాయినా."

"గసొంటోడు గాకపోతే గీ గాలయ్య ఎందుకు నోరు మూసుకుంటడు? అడుగు!"

ధరణి అడగలేదు. తొమ్మిదేళ్ల కాపురాన్ని ఒక్కొక్క రోజే వెనక్కి తిప్పి చూసుకుంది. ఇంటర్నెట్ సెంటర్ నుంచి వచ్చి, ఇంకో కాలేజీ కూడా కాదన్నదని ఓదెలు దిగాలుగా చెప్పిన ప్రతి సాయంత్రమూ ఇప్పుడు అబద్ధంలా కనిపించింది.

సెల్‌ఫోన్ తీసి నంబరు నొక్కింది.

"జెప్పెయ్ బిడ్డా," వీరభద్రం అన్నాడు. "ఇగ ఆ ఇంటి గడప తొక్కనని జెప్పెయ్. నా ఇంటికి నడు."

అవతల ఓదెలు గొంతు పలికింది. వెనక కోళ్ల గోల. "మెమోలు దొరికినయా ధరణీ?"

ఆమె నోరు తెరిచింది.

గాలయ్య ఒక్క ఉదుటున లేచి ఆమె చేతిలోని ఫోన్ లాక్కున్నాడు. ఇన్నేళ్లూ దాచిన మాట ఆ గదిలో అందరికీ వినబడేలా అన్నాడు.

"నీ పెనిమిటి ఏ పాపం ఎరుగడు బిడ్డా, పిల్లకు ఫస్ట్ క్లాసు మార్కులొచ్చినయని ఇంటర్ తప్పిన పిలగానోళ్లకు తెలిస్తే ఐదెకరాల సంబంధం తప్పిపోతదని, పెండ్లికి వారం ముంగట నా కాళ్లు మొక్కి, నీ పేరు మీద సంతకం వెట్టి, మెమోలు తీస్కపోయి గా గేటు కాడనే అగ్గిపెట్టింది మీ నాయిన, గీ వీరభద్రం సారే!"