కిటికీ సీటు

దీవెన మూడు రోజులుగా ఆయన్ని గమనిస్తోంది.

అరవై దాటిన మనిషి. బందరు బస్టాండు దగ్గర తనతో పాటే పోర్టు వైపు వెళ్ళే రోప్‌వే క్యాబిన్ ఎక్కుతాడు. కిటికీ పక్కనే కూర్చుంటాడు. సరిగ్గా కాలవగట్టు వీధి మీదికి వచ్చేసరికి అద్దానికి ముఖం ఆనించి కిందికి చూస్తాడు.

ఆ వీధి దీవెనది.

అక్కడ చాలా పెరళ్ళలో తాటాకు దడి కట్టిన స్నానాల గది. చుట్టూ దడి, పైన ఆకాశం. ఆర్నెల్ల కిందట రోప్‌వే మొదలైనప్పటి నుంచీ దీవెన తల్లి ఎస్తేరు, మొదటి క్యాబిన్ రాకముందే, చీకట్లోనే స్నానం ముగిస్తోంది. జ్వరం వచ్చినా అంతే.

నాలుగో రోజు దీవెన, క్యాబిన్ తన వీధి దాటేదాకా ఆగి, అడిగేసింది.

"రోజూ కిందికి ఏం చూస్తున్నారండీ? ఇళ్ళల్లో ఆడవాళ్ళుంటారని తెలీదా?"

ఆయన ముఖం పాలిపోయింది. ఏదో చెప్పబోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళని చూసి ఆగిపోయాడు.

"తప్పమ్మా. వచ్చే స్టేషన్లో దిగిపోతాను."

"అందాకా కళ్ళు మూసుకోండి."

"ఏం మాస్టారూ, సినిమా బాగుందా?" అన్నాడు ఎదుటి సీటాయన.

అందరూ నవ్వారు. ఒకామె అప్పటికే ఫోను తీసి వీడియో పడుతోంది.

ఆయన నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. స్టేషన్ వచ్చేదాకా తెరవలేదు.

ఆ రోజంతా దీవెనకి ఏదో గెలిచినట్టే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒకతను స్నానాల గదికి పైన రేకు బిగిస్తున్నాడు. ఎస్తేరు టీ గ్లాసుతో కింద నిలబడి ఉంది.

"ఇంక తెల్లారాకే నీళ్ళు పోసుకుంటానే" అంది నవ్వుతూ.

"ఎవరు వేయిస్తున్నారండీ?" దీవెన అతన్ని అడిగింది.

"సీతారామయ్యగారండీ. పొద్దుట్నించీ మీ వీధిలో ఇది పదకొండోది. ఎవరి స్నానాల గదికి కప్పు లేదో ఆడవాళ్ళని అడిగితే బాగోదని, రోప్‌వే ఎక్కి పైనించి చూసుకుని నాకు ఫోన్లో చెప్పేవారు. ఇంక ఎక్కరంట."

"ఎందుకని?"

అతను ఫోను తీసి చూపించాడు. కళ్ళు మూసుకుని కూర్చున్న ఆయన ముఖం. కళ్ళు మూసుకోమంటున్న మనిషి కనబడలేదు. గొంతు మాత్రం వినబడింది.

ఎస్తేరు కూతురి వైపు చూసింది.

దీవెన తలెత్తలేకపోయింది. "నిజం చెప్పేసి ఉండొచ్చుగా..."

"నేనూ అదే అడిగానండీ. చెబితే రేపట్నించి క్యాబిన్లో అందరూ అక్కడే చూస్తారు కదా అన్నారు."

"మన వీధితో ఆయనకేం పని బాబూ?" ఎస్తేరు మెల్లగా అడిగింది.

అతను ఆఖరి మేకు కొట్టి, నిచ్చెన దిగాడు.

"మీ వీధి మీదుగా రోప్‌వేకి దారి గీసిన ఇంజనీరు ఆయనేనండీ. గీసినప్పుడు కాగితం మీద ఇళ్ళు కనబడ్డాయిగానీ, ఈ స్నానాల గదులు కనబడలేదంట."