చెల్లే అక్షరాలు

సంచిలో సబ్బుపెట్టె పెట్టింది ఆదిలక్ష్మమ్మ. తువ్వాళ్లు, విభూతి పొట్లం, మనవరాలు హారిక చుడీదార్లు రెండు సర్దింది. మళ్లీ సబ్బుపెట్టె కోసం వెతికింది.

“అది పెట్టేసినావవ్వా,” అంది హారిక, కంప్యూటరు మీంచి తల తిప్పకుండా.

శివరాత్రికి శ్రీశైలం ప్రయాణం. ఇంట్లో ఎవరు సంచి సర్దినా ఆదిలక్ష్మమ్మకు గుండెదడే. పోయినవాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం ఆమెకు ఏనాడో పోయింది. పైగా నిరుడు దోర్నాల బస్టాండు జనంలో రెండు గంటలు వెతికితే గాని దొరకలేదట. అందుకే ఈసారి ట్యాగ్ ఉండి తీరాలని హారిక పట్టుబట్టింది.

ట్యాగులంటే హారిక తర్వాతే ఎవరైనా. నెట్‌వర్కు యంత్రాల సమాచారానికి తగిలించే ట్యాగుల్లో ఏ అక్షరాలు చెల్లుతాయో తేల్చే కమిటీలో ఉంది. మార్కాపురంలో ఈ గదిలోనే కూర్చుని, ఏడు దేశాల వాళ్లతో మూడు నెలలు వాదించి, ఆ ఉదయమే నెగ్గింది. చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, నడుమ అడ్డగీత. ఇంకేదీ చెల్లదు.

ప్లాస్టిక్ బిళ్ల ఒకటి తెచ్చి చూపించింది. దాని మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక గీత, రెండు అంకెలు.

“ఇదేంది పాపా? ఊరూ పేరూ రాయవా?”

“ఊరికీ పేరుకీ మధ్య ఖాళీ వస్తది. ఖాళీ చెల్లదు.”

“తెలుగులో రాయి. చదివేటోళ్లుంటారు.”

“తెలుగు అసలే చెల్లదు.”

“పోనీ మీ నాయన ఫోను నంబరన్నా ఎయ్యి.”

“నంబర్లు మారతాయవ్వా, ట్యాగ్ మారదు. మిగతావన్నీ సర్వర్లో ఉంటాయి. ఇది కొడితే చాలు, వచ్చేస్తాయి.”

“దోర్నాలలో టీ పోసేటోడు యాడ కొడతాడు?”

హారిక నవ్వింది. “ఏడు దేశాలోళ్లు ఒప్పుకున్నారు. నీ ఒక్కదానిదే పేచీ.”

ఇంత చదివిన పిల్లకు తెలియదా అనుకుంది ఆదిలక్ష్మమ్మ. సంచి జిప్పు లాగి, “ఇంతకీ ఏ ఊరికి పాపా?” అని అడిగింది.

“శ్రీశైలం. మూడోసారి చెప్పడం.”

హారిక తన పాత ఆఫీసు కార్డు తాడుకు బిళ్లను తగిలించింది. తాడు మరీ పొడుగైందని ఒక ముడి వేసింది. గట్టిగా లాగి చూసింది. ఊడలేదు.

“ఇంక యాడికి పోతది?” అంది తృప్తిగా.

సంచి సోమవారం హారిక భుజాన ఇల్లు చేరింది గాని, ఆ ట్యాగ్ మెడలో వేసుకుని దోర్నాలలో బస్సు దిగిన ఆదిలక్ష్మమ్మ 2023 శివరాత్రి నుంచి ఇంతవరకూ తిరిగి రాలేదు.