చిలకమ్మ సెకండ్ గేరు

బళ్ళన్నీ వాటంతటవే నడిచే రోజులొచ్చాక పాడేరు ఘాట్ రోడ్డులో గేర్లున్న జీపు చిలకమ్మది ఒక్కటే మిగిలింది. ఒక ఉదయం ఆమె అల్లం బస్తాలతో కొండ దిగుతుంటే వెనక నుంచి మాడు వాసన వచ్చింది. అద్దంలో చూస్తే, ఒక తెల్ల కారు బ్రేకులు కాలి, చక్రాల దగ్గర పొగలు కక్కుతూ దూసుకొస్తోంది. లోపల నలుగురు వెనక్కి వాలి, కళ్ళకు తెరలు తగిలించుకుని సినిమా చూస్తున్నారు. హారన్ ఎంత మోగించినా ఒక్కరూ తల తిప్పలేదు.

తను తప్పుకుంటే ఆ కారు లోయలోకి పోతుంది. బ్రేకునే నమ్ముకుంటే తన బ్రేకులూ కాలిపోతాయి. చిలకమ్మ జీపును సెకండ్ గేరుకు దించి, కారును తన వెనక బంపరుకు ఆననిచ్చింది. ఇంజను ఊళపెడుతూ రెండు బళ్ళనూ పట్టి ఉంచింది. అలాగే మూడు మలుపులు దించి, చదును నేల మీద ఆపింది.

ఆమె కారు దగ్గరకు వెళ్ళేసరికి కిటికీ అద్దం నాలుగు వేళ్ళంత దిగింది.

"ఇందాక కుదుపు భలేగా ఉందండీ," అన్నాడొకడు, పడుకునే. "రికార్డు చేసుకోలేదు. పైనుంచి మళ్ళీ ఒకసారి దించుతారా?"

చిలకమ్మ కారు తలుపు మీద తట్టింది.

"ముందు మీరు కిందకి దిగండి బాబూ."

"ఎందుకు?"

"కాళ్ళున్నాయో లేవో సూద్దామని."

దిగాలంటే ఏం చెయ్యాలని అతను కారును అడిగాడు.

చిలకమ్మ పక్కకు తిరిగి ఉమ్మేసింది.