నువ్వుగింజంత చుక్క

స్విచ్ వేయగానే పెట్టె ఒక్కసారి గరగరమని, ఆనక మూగబోయింది.

“ఇదేనా ఆరు శనివారాల పని?” అన్నాడు కకైరే.

జింజా అనే ఊళ్లో ఆ చర్చి పాటల బృందానికి మైకులూ స్పీకర్లూ పెట్టుకునే గది ఒకటుంది. ముప్పై ఏళ్లుగా దాని తాళంచెవి ఇసాబిర్యే అనే ముసలాయన దగ్గరే ఉంది. ఇక నావల్ల కాదు, నా తర్వాత కగోయాకివ్వండి అన్నాడాయన. కగోయా బట్టలు కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న మనిషి. శనివారాలు మాత్రం సరదాకొద్దీ ఆయన దగ్గర యాంప్లిఫయర్లు కట్టడం నేర్చుకుంది. ఆడదానికి తాళంచెవా అని పెద్దలు మూతి తిప్పారు. చివరికి, సొంతంగా ఒక యాంప్లిఫయర్ కట్టి చూపిస్తే ఇస్తామన్నారు. సంఘపెద్ద కకైరే ఇవాళ వచ్చింది అది వినడానికే.

ఆమె కట్టిన పెట్టె రాత్రి ముసలాయన ఇంట్లోనే ఉంది; పొద్దున్నే ఆయనే దాన్ని చంకన పెట్టుకుని వచ్చాడు. కగోయా ఎప్పటిలాగే, అక్కడి ఆడవాళ్ల మర్యాద ప్రకారం మోకాళ్లు నేలకానించి ఇద్దరినీ పలకరించింది. మగవాళ్లు నిలబడే తలలూపారు.

పెట్టె మూగబోగానే మూత తీశారు. బోర్డు మీద ఒకచోట ప్యాడ్, అంటే తీగను అతికించే రాగి బిళ్ల, లేచిపోయి ఉంది. మరీ ఎక్కువసేపు కాలిస్తే అంతే, రాగి పొర ఊడి వచ్చేస్తుంది. దాన్ని కప్పిపెట్టడానికన్నట్టు పైన వేరుశెనగ గింజంత సీసం ముద్ద. అతికే సీసం చుక్క నువ్వుగింజను మించకూడదన్నది ఇసాబిర్యే నేర్పే మొదటి పాఠం. మిగతా చుక్కలన్నీ నువ్వుగింజలే.

“ఇదేం పనమ్మా? పగిలిన కుండకి బంకమట్టి మెత్తినట్టు!” అన్నాడు కకైరే.

కగోయా ఆ ముద్దకేసి చాలాసేపు చూసింది. తర్వాత ముసలాయనకేసి చూసింది. ఆయన చేతులు రెండూ కోటు జేబుల్లో దోపుకుని నేలచూపులు చూస్తున్నాడు.

“అడుగుతుంటే పలకవేం? ఎవరి నిర్వాకం ఇది?”

ఆమె మళ్లీ మోకాళ్ల మీదికి వచ్చింది. “నాదేనయ్యా. తొందరపడ్డాను. క్షమించండి.”

“విన్నావా ఇసాబిర్యే? నీ పరువు కూడా తీసింది.”

ఆ మాట ఆయనకి చెంపమీద కొట్టినట్టయింది. ఇంత సిగ్గు డెబ్బై ఏళ్లలో ఆయన ఎరగడు.

“ఇప్పుడే బాగుచేస్తాను, వినే వెళ్లండయ్యా,” అంది కగోయా.

సోల్డరింగ్ ఐరన్‌తో ముద్దను కరిగించి తీసేసింది. ఊడిన రాగి పొరను పట్టకారుతో లాగేసింది. అక్కణ్ణుంచి బోర్డు మీద సాగే రాగి గీత మీది ఆకుపచ్చ పూతను బ్లేడుతో గీకి రాగి మెరిసేలా చేసింది. పాత వైరులోంచి ఒక్క పోగు తీసి, అక్కడి విడిభాగం కాలికి గుండీకి దారం చుట్టినట్టు చుట్టి, కొసను ఆ గీత మీదికి వాల్చింది.

“లైటు కాస్త ఇటు పట్టండి తాతా.”

ఆయన జేబుల్లోంచి చేతులు తీయలేదు. చివరికి కకైరేనే విసుక్కుంటూ పట్టుకున్నాడు. రెండుచోట్లా నువ్వుగింజంత సీసం పెట్టి, ఊది, స్విచ్ వేసింది. పెట్టెకు తగిలించిన ఫోన్లోని పాట గదంతా నిండింది. గరగర లేదు.

“బాగానే పాడుతోంది,” ఒప్పుకున్నాడు కకైరే. “కానీ ఒకసారి కాల్చిన చెయ్యి మళ్లీ కాలుస్తుంది. రేపు ఏ పెళ్లి మధ్యలోనో ఆగిపోతే నవ్వులపాలయ్యేది మేము. నువ్వు మిషను కుట్టుకోమ్మా, అదే నయం. తాళంచెవి మా అల్లుడికిద్దాం. ఏమంటావు ఇసాబిర్యే?”

ముసలాయన తల దించుకున్నాడు. కకైరే బల్ల మీది తాళంచెవి తీసుకుని వెళ్లిపోయాడు.

కగోయా కళ్లు తుడుచుకుని పనిముట్లు సంచిలో సర్దుకుంది. “వేరుశెనగ పులుసు వండాను తాతా. మధ్యాహ్నం పంపిస్తాను, చల్లారకముందే తినండి,” అంది.

ఇసాబిర్యే తలుపు దగ్గరగా వేసి, వణుకుతున్న చేతులు జేబుల్లోంచి బయటికి తీసి, ఆ ఊళ్లో ఏ మగవాడూ ఏ ఆడమనిషి ముందూ చేయని విధంగా మోకాళ్లు నేలకానించి, “నిన్న సాయంత్రం, నా చేతి చుక్క ఒక్కటైనా ఉండాలని ఐరన్ పెట్టింది నేనేనమ్మా,” అన్నాడు.