గోదురుకప్పల నిద్ర

ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి అమ్మ మళ్లీ మట్టి తవ్వుతోంది. గాజు తొట్టిలో, మట్టి కింద పడుకున్న గోదురుకప్పలు రెండింటినీ బయటికి తీసి, వేలితో పొడిచి చూస్తోంది. ఒకటి బద్ధకంగా కాలు కదిపింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? చలికాలం అవి తినవు, కదలవు. లేపిన కొద్దీ ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగిపోతుంది. ఎండలొచ్చేదాకా బతకవు."

"ఊరికే చూశానే."

"రోజూ చూస్తున్నావు. దీనికి ఎముకలు తేలాయి. నాన్న ప్రాణంగా పెంచుకున్నవి, నీ చేతుల్లో చచ్చేలా ఉన్నాయి."

నేనే వాటిని మట్టిలో పెట్టి, ఎండుటాకులు కప్పి, నీళ్లు చిలకరించాను. నిలబడే ఓపిక లేదు.

"వీటిదే వైభోగం. నన్ను ఒక్క పూట ఇలా పడుకోనిస్తే చాలు," అన్నాను, నవ్వుతుందనుకుని.

నవ్వలేదు.

"మీ నాన్న కూడా ఇలాగే ముడుచుకుని పడుకున్నారు. అలసిపోయారు కదా, పడుకోనిద్దామని నేనే లేపలేదు. భోజనానికి లేపబోతే ఒళ్లు చల్లగా ఉంది," అంది, మట్టి చేతులు చూసుకుంటూ.

తొట్టికి మూత పెట్టాను. అమ్మ చేతులు కడిగి, నా మంచం పక్కకి కుర్చీ లాగి కూర్చోబెట్టాను.

"వాటి జోలికి పోకమ్మా. భయమేసినప్పుడల్లా నన్ను లేపు."

దుప్పటి కప్పుకున్నాను. కునుకు పట్టిందో లేదో, భుజం మీద చెయ్యి పడింది.

"ఊఁ," అన్నాను.