ప్రెసిడెంటు అర్జీ

“ఆయనింటికి మాత్రం పోవద్దమ్మా,” అన్నారు రంగనాయకులు మాస్టారు, గొంతు తగ్గించి. “నాలుగేండ్లలో ముగ్గురు హెడ్మాస్టర్లను ఆయన అర్జీలే బదిలీ చేయించినాయి. ఒకాయన్ను ఉదయగిరి కొండల్లోకి తోసేసినారు. వాళ్ళు పోయినప్పుడల్లా ఇన్‌చార్జిగా ఈ బడిని నేనే నెట్టుకొచ్చినా.”

కరుణాకుమారి హాజరుపట్టీ మూసింది. అరవై మూడో సంవత్సరం జనవరిలో, చిట్టమూరు దగ్గరి ఆ పల్లె బడికి హెడ్మిస్ట్రెస్‌గా వచ్చింది. రాగానే ఒక నియమం పెట్టుకుంది. వారం రోజులు రాని పిల్లల ఇంటికి తానే పోవాలి. రెండు నెలల్లో అలా పదకొండు మందిని మళ్ళీ బడికి తెచ్చింది. పన్నెండో పిల్ల శేషమ్మ. బడి కమిటీ ప్రెసిడెంటు పద్మనాభయ్యకు మనవరాలు.

“ఆ ఒక్క ఇంటికీ పోకపోతే, మిగతా ఇండ్లకు ఏ మొహం పెట్టుకుని పోయేది సార్?”

“మీ మంచికే చెప్పినా. ఆయనతో ఏ పనున్నా నాకు చెప్పండి, నేను మాట్లాడతా.”

నాయుడుపేటలో మంచం పట్టిన తల్లి ఉంది. రోజూ సాయంత్రం బస్సుకు పోయి ఆమెకు ఇంత అన్నం పెట్టేది కరుణాకుమారే. ఉదయగిరికి బదిలీ అయితే? అయినా నడిచింది.

కళ్ళంలో వడ్లు తూర్పారబడుతున్న కూలీలు ఆమెను చూసి చేటలు దించారు. “ప్రెసిడెంటింటికే!” అన్నారెవరో. అరుగు మీద పద్మనాభయ్య ఒక్కడే ఉన్నాడు. కూర్చోమనలేదు.

“పెద్దయ్యగారూ, శేషమ్మ బడికి...”

“అది రాదు.”

“ఎందుకు రాదో చెబితే...”

“ఏందీ, తెలీనట్టు అడుగుతుండావే!” ఆయన గద్దించాడు. “వచ్చిన హెడ్మాస్టర్లందరూ ఇంతే.”

లేచి లోపలికి పోయాడు. తలుపు సందులో శేషమ్మ ఒక్కసారి కనబడి మాయమైంది. వెనక్కి తిరిగి పోదామా అనుకునేలోపే ఆయన మడిచిన కాగితంతో వచ్చాడు.

“మునసబు గూడా సంతకం పెడితే రేపు నెల్లూరికి పోతుంది. నీ నోటితోనే చదువు. పైకి చదువు.”

విప్పింది. అడుగున ఆయన సంతకం. పైన తన పేరు.

“కరుణాకుమారి గారు ఇండ్ల మీదికి వచ్చి గ్రామ పెద్దలను అవమానించుచున్నారు. తక్షణం దూరప్రాంతమునకు బదిలీ చేయవలెను...”

అక్షరాలు అలుక్కుపోయాయి. ఎలాగో చివరిదాకా చదివింది. ఇక అమ్మకు ఎవరు దిక్కు?

పద్మనాభయ్య ముందుకు వంగి కాగితంలోకి చూశాడు.

“గోడ మాటేదమ్మా?”

“ఏ గోడ?”

“బడిలో ఆడపిల్లలకు మరుగు గోడ! అది లేకనే గదా శేషమ్మ రానంటా ఉండేది. నాలుగేండ్లుగా దానికే గదా సంతకాలు పెడతా ఉండా!”

“చదవకుండానే పెట్టినారా?”

ఆయన తల దించుకున్నాడు. “నాకు సంతకం ఒక్కటే వచ్చు తల్లీ.”

ఆమె కాగితాన్ని మళ్ళీ మడిచింది. “మరి ఈ అర్జీలన్నీ ఎవరు రాసిచ్చినారు?”

“మీ రంగనాయకులు సారే.”