చుంచయ్య తాటాకు పటం

పొలం గట్టు కింద ఎలుకల ఊరికి పెద్ద చుంచయ్య. ఏ బొరియ ఎటు పోతుందో తానే గీసిన తాటాకు పటం ఆయన పక్క కిందే ఉండేది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "పామొస్తే పారిపోను ఉత్తరాన దొంగదారి ఉంది. వేళొస్తే చూపిస్తా, హాయిగా పడుకోండి" అనేవాడు.

తవ్వకాలకని ఎలుకలు గునపం అనే పందికొక్కును పెట్టుకున్నాయి. పదిమంది నెల పని వాడికి పూట పని.

"తాతా, పటం ఒకసారి చూపిస్తావా?"

"తవ్వేవాడికి పటమెందుకురా? చెప్పినచోట తవ్వు."

గునపం చెప్పినచోటే తవ్వాడు. పంటకాలువ తెగి ధాన్యం గది నిండా నీళ్లు.

"అటు కాలువుందని తెలీదట్రా?"

"ఎవరు చెప్పారు తాతా?"

పటం ఇవ్వాల్సిందేనని ఎలుకలన్నీ పట్టుబట్టాయి. చుంచయ్య నసిగాడు, దగ్గాడు, చెదలు పట్టిందన్నాడు. చివరికి ఇవ్వక తప్పలేదు.

గునపం పటమంతా చిటికెలో చదివేసి, ఊరంతా ఓ చుట్టు తిరిగొచ్చాడు.

"తాతా, ఉత్తరాన దొంగదారి గీశావు. అక్కడ ఉత్త గోడే ఉంది. దారి తవ్వమంటావా, పటంలో చెరిపెయ్యమంటావా?"

తవ్వుదామనే గీశాడు చుంచయ్య. గీశాక తవ్వేసినంత తృప్తి కలిగింది.

మూడు కోతలుగా ఆ దారి ధీమాతోనే గురకపెట్టి నిద్రపోయిన ఎలుకలన్నీ మెల్లగా ఆయన వైపు తిరిగాయి. ఆ క్షణాన పామైనా వస్తే బాగుండుననిపించింది చుంచయ్యకి.